ఒలీటా రెండోసారి పాడిన పాట

నాష్‌విల్‌లో పదహారో వీధి చివర ఒక భోజన హోటలు ఉండేది. ఒక మాంసం కూర, మూడు కాయగూరలు, మొక్కజొన్న రొట్టె, చివర ఒక ముక్క తీపి. మధ్యాహ్నం పదకొండున్నరకి భోజనంతో పాటు అక్కడ ఒక వాదం కూడా మొదలయ్యేది. కంట్రీ పాట, అంటే అక్కడి పల్లెల పాట, పాడినవాళ్లలో అందరికన్నా గొప్ప ఎవరు అని. వాదించేవాళ్లంతా ఆ పాటల మీద బతికేవాళ్లే కాబట్టి అది ఏనాడూ తెగేది కాదు. ఒకాయన చచ్చిపోయినవాళ్లని తప్ప లెక్కలోకి తీసుకోడు. ఇంకొకాయన ఫిడేలు వాయించడం రానివాడు ఎలా పాడినా గాయకుడే కాదంటాడు. మూడో ఆయన పట్టిక నెలనెలా మారిపోతుంది, ఎవరు ఆయన పాట పాడితే వాళ్లు పైకెక్కుతారు. మావిస్ ట్రివెట్ పేరు మాత్రం అందరి పట్టికల్లోనూ ఉండేది. మొదటి ముగ్గురిలోనా, అయిదుగురిలోనా అన్నదొక్కటే తగువు.

ఆ బల్లలకి పళ్లాలు అందించే ఒలీటా స్టిడమ్‌ని ఒకసారి ఎవరో అడిగారు, నువ్వు చెప్పు, నీ లెక్కలో ఎవరు అని. ఒలీటా ఒక్క క్షణం ఆలోచించి, "ఇవాళ బెండకాయ వేపుడు బాగా కుదిరింది, వేసుకోండి," అంది.

తప్పించుకోవడానికి అన్న మాట కాదది. వాళ్లు వాదించుకుంటున్న గొంతుల్లో ఎనిమిది ఆమె దగ్గర ఉన్నాయి. ఏది ఎక్కడ పలచబడుతుందో, ఏది ఏ అక్షరం దగ్గర విరుగుతుందో ఆమెకి తెలుసు. వంటమనిషిని పట్టుకుని కూరల్లో గొప్ప కూర ఏది అని అడిగితే ఏం చెబుతుంది?

సోమ, మంగళ, బుధవారాలు ఆమె హోటల్లో పనిచేసేది. గురు, శుక్రవారాలు నమూనాలు పాడేది. పాట రాసినవాడు కాగితం పట్టుకెళ్లి పెద్ద గాయని ముందు నిలబడితే పని జరగదు. ముందు ఎవరిచేతనైనా పాడించి టేపుకి ఎక్కించాలి. పాటలు తీసుకుని గాయకులకి చేర్చే పబ్లిషరు మనిషి ఆ టేపు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరగాలి. వినిపించబోయేది ఎవరికో చూసుకుని, వాళ్ల గొంతులోనే నమూనా పాడాలి. ఇది నాకోసమే పుట్టిన పాట అని ఆ గాయనికి అనిపించాలి. కాని ఆమె కన్నా ఒక మెట్టు కిందే ఆగిపోవాలి. ఇంకొంచెం ఏదో కావాలి, అది నేనే చెయ్యగలను అని ఆమెకి తోచేటంత ఖాళీ వదలాలి. ఈ రెండోది చెబితే వచ్చే పని కాదు. గొంతు బాగున్న పిల్లలు చాలామంది ఇక్కడే తన్నుకునేవారు. ఒలీటాకి మాత్రం మొదటి రోజు నుంచీ అలవాటైనట్టే ఉండేది.

ఆ మొదటి రోజు కూడా పెద్ద విశేషమేమీ కాదు. ఆమె మొగుడు హెర్షెల్‌కి ఈ ఊళ్లో రొట్టెల బండి తోలే పని దొరికితే, కెంటకీ కొండల నుంచి ఇద్దరూ దిగి వచ్చారు. వచ్చిన నాలుగో ఏట, హోటల్లో బల్ల తుడుస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటే డాయల్ క్రీసీ అనే పాటల రచయిత విన్నాడు. ఆయన పాట పాడాల్సిన అమ్మాయికి ఆ పూట జ్వరం. ఒక్క అరగంట రమ్మని బతిమాలాడు. ఒలీటా నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పకుండానే వెళ్లి పాడి, తిరిగొచ్చి పళ్లాలు కడుక్కుంది. ఆ తరవాత పన్నెండేళ్లు డాయల్ పాటలన్నీ ఆమే పాడింది. ఇంకా ఎందరివో పాడింది. సాయంత్రానికి కూడా ఒక్కోసారి ఆ రోజు గొంతు వదిలేది కాదు. హెర్షెల్ బల్ల దగ్గర కూర్చుని ఆమె మాట రెండు క్షణాలు విని, "ఇవాళ నాకు భోజనం పెట్టేది ఎవరు?" అని అడిగేవాడు. ఎవరో చెబితే, "ఆవిడ వండితే ఉప్పు ఎక్కువ," అనేవాడు.

అరవై ఆరో సంవత్సరం వసంతంలో డాయల్‌కి గొంతులో పుండు వస్తే కోసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడకి రుమాలు కట్టుకుని, చొక్కా జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకుని తిరిగేవాడు. చెప్పాలనుకున్నది రాసి చూపించేవాడు. అందుకని ఆయన జోకులు అందరూ నవ్వుకోవడం అయిపోయాక వచ్చేవి. కొత్త పాటకి వరస చెప్పాలంటే గిటారు మీద ఒక్కొక్క తీగా మీటి చూపించేవాడు. మూడేళ్లుగా ఆయన పాట ఒక్కటీ రికార్డు కాలేదు. క్రిస్‌మస్ లోపల ఏదైనా బయటికి రాకపోతే ఇక జీతమిచ్చి ఉంచుకోలేమని పబ్లిషరు మర్యాదగానే చెప్పాడు. వదిలేస్తే అలబామాలో తమ్ముడి దాణా కొట్లో కూర్చోవాలి. ఈ సంగతి కూడా రాసే చూపించాడు, కింద ఒక కోడి బొమ్మ వేసి.

ఆ వేసవిలో ఒక బుధవారం, హోటల్లో జనం పలచబడ్డాక, ఒలీటా ఆయన ఎదురుగా కూర్చుంది. మాటల్లో వాళ్ల అమ్మ సంగతి వచ్చింది. ఒలీటాకి పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాన్న బొగ్గు గనిలో పైకప్పు రాయి విరిగి పడి పోయాడు. మర్నాడు తెల్లవారుజామున అమ్మ ఎప్పటిలాగే లేచింది. భోజనం డబ్బా తీసి కింది అరలో నీళ్లు పోసింది, పై అరలో చిక్కుడు గింజలు, రొట్టె, ఆపిల్ ముక్కలు పెట్టి వేయించిన కజ్జికాయ సర్దింది. మూత పెట్టి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ నిలబడిపోయింది. ఒలీటా అంతవరకే చెప్పి, గిన్నెలు తీసుకుని లేచిపోయింది.

పది రోజుల తరవాత డాయల్ ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మొత్తం మూడు చరణాలు. గొప్ప మాట ఒక్కటీ లేదు. మొదటి చరణంలో ఒక ఆడది పొయ్యి రాజేస్తుంది. రెండో చరణంలో డబ్బా సర్దుతుంది, ఏం పెట్టిందో వరసగా చెబుతుంది. మూడో చరణం చివర:

*మూత బిగించి గుమ్మం దాకా తెచ్చాను,*
*అందుకునే చెయ్యి ఏదో మరిచిపోయాను.*

ఒలీటా చదివి మడిచి ఆయనకే ఇచ్చేసింది. "మా అమ్మని అడక్కుండా రాశావా?" అంది. డాయల్ పుస్తకం తీసి రాశాడు: "నిన్ను అడుగుతున్నాను." కాసేపు చూసి ఒలీటా, "ఎవరి గొంతులో?" అని అడిగింది. ఆయన మావిస్ పేరు రాశాడు.

పబ్లిషరు ఆఫీసు వెనక ఒక గదినే స్టూడియో చేసుకున్నారు. మూడు గంటల్లో అయిదు పాటలు పూర్తికావాలి. ఎవరి ముందూ స్వరాల కాగితం ఉండదు, తీగల వరస అంకెల్లో గీసిన చీటీ ఒకటి ఉంటుంది, చూసి వాయించేస్తారు. గార్లండ్ అనే ముసలాయన టేపు యంత్రం దగ్గర కూర్చుంటాడు. డాయల్ పాట చివరిది. దానికి మిగిలింది పావుగంట.

మొదటి చరణం ఒలీటా మావిస్‌లాగే పాడింది. మాట చివర కొంచెం కిందికి జారడం, ఊపిరి వినపడేటట్టు వదలడం అన్నీ సరిగ్గా పడ్డాయి. రెండో చరణంలో కింది అరలో నీళ్లు పొయ్యడం దగ్గరికి వచ్చేసరికి గొంతులోంచి మావిస్ వెళ్లిపోయింది. ఆమె స్థానంలోకి ఒలీటా పుట్టిన కొండ చరియలో చర్చి వచ్చి కూర్చుంది. ఆ చర్చిలో వాయిద్యాలుండవు. పెద్దాయన ఒక పాదం గబగబా చెబుతాడు, జనమంతా దాన్ని పట్టుకుని ఒక్కొక్క మాటనీ సాగదీస్తారు, ఎవరి దారిన వాళ్లు సాగదీసి చివరికి ఒకచోట కలుస్తారు. ఒలీటా చిక్కుడు గింజలన్న మాటని అలా సాగదీసింది. రొట్టెని సాగదీసింది. స్టీల్ గిటారు వాయించే మనిషి చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. మూడో చరణమంతా ఆమె ఒక్కర్తే పాడినట్టయింది.

పాట అయింది. గార్లండ్ కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంకోసారి అక్కర్లేదనుకుంటా," అన్నాడు. డాయల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వెండెల్ ప్యూ అని పబ్లిషరు తరఫున పాటలు వినిపించి వచ్చే మనిషి ఒకడుండేవాడు. మాటకారి, ఎవరింట్లోనైనా వంటింటి దాకా వెళ్లగలడు. సోమవారం ఆ టేపు తీసుకుని మావిస్ ఇంటికి వెళ్లాడు. ఆమె వరసగా మూడుసార్లు వింది. ఒకసారి విన్నాక లేచి కిటికీ దగ్గరికి వెళ్లిందట, రెండోసారి తరవాత ముక్కు చీదుకుందట. వెండెల్ ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు. మూడోసారి అయ్యాక ఆమె టేపు తీసి పెట్టెలో పెట్టి మూత వేసి అతని చేతికిచ్చింది. "ఈ పాటకి మనిషి దొరికేసింది కదా, వెండెల్," అంది. "ఇంక నేను దీంట్లోకి వెళ్లి ఎక్కడ నిలబడను?" తరవాత ఇంకో ఇద్దరికి వినిపించాడు. వాళ్లూ బాగా మెచ్చుకున్నారు, వాళ్లూ టేపు తిరిగి ఇచ్చేశారు.

బుధవారం వెండెల్ హోటలుకి వచ్చి బల్ల దగ్గర కూర్చోకుండానే చెప్పాడు. "పన్నెండేళ్లు ఈ పని చేస్తున్నదానివి, నీకు వేరే చెప్పాలా? కుర్చీ తుడిచి పెట్టమంటే నువ్వే ఎక్కి కూర్చున్నావు."

ఒలీటా మొహం తెల్లబోయింది. గొంతు బాగున్న పిల్లలు చేసే పొరపాటు తను చేసింది. అదీ డాయల్ పాటకి, ఈ ఏడే.

కాని వెండెల్ అక్కడితో ఆగలేదు. అప్పుడు కూర్చుని, గొంతు తగ్గించి రెండో సంగతి చెప్పాడు. మాడిసన్‌లో ఒకాయన తన ఇంటి గారేజీలోనే చిన్న రికార్డు కంపెనీ నడుపుకుంటున్నాడు. ఆయన చెవిన ఈ టేపు పడింది. ఉన్నదున్నట్టు రికార్డు వేస్తానంటున్నాడు, పైన ఒలీటా పేరుతో. ఆరేడు రేడియో కేంద్రాల్లో మోగించగలడు, అంతకన్నా ఎక్కువ కాదు. అదీగాక ఒకసారి అలా బయటికి వస్తే మావిస్ లాంటివాళ్లు ఆ పాటని రెండు మూడేళ్లు ముట్టుకోరు. డాయల్‌ని పబ్లిషరు ఉంచుకోవడానికి అది చాలదు. ఎటూ తేల్చుకోవడానికి పది రోజుల గడువు.

నలభై ఏళ్లు వచ్చాయి ఒలీటాకి. ఆమె గొంతు నమూనాల్లో తప్ప ఎక్కడా లేదు, ఆ నమూనాల మీద పేరుండదు. పని అవగానే టేపు మీద ఇంకో పాట ఎక్కించేస్తారు. ఇన్నాళ్లూ అదేమీ ఆమెకి లోటనిపించలేదు. ఆ సాయంత్రం మాత్రం కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక ఒలీటా స్టిడమ్ అని రాసి చూసుకుంది. పుట్టింటి పేరుతో ఒలీటా కాడిల్ అని ఇంకోసారి రాసింది. ఏది బాగుందో హెర్షెల్‌ని అడిగింది.

హెర్షెల్ కవరు తిప్పి బిల్లు చూశాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. "నాకు పాటల సంగతి తెలీదు, రొట్టెల సంగతి అడుగు. నువ్వు ఏ పేరు పెట్టుకున్నా పన్నెండింటికి నాకు ఆకలేస్తుంది."

"నీకేం కావాలని కాదు నేనడిగేది. నేనేం చెయ్యాలి అని."

"డాయల్ ఏమన్నాడు?"

నీ ఇష్టం అని రాసిచ్చాడని చెప్పింది. ఆ మాట కింద గీత గీశాడు, ఈసారి కోడి బొమ్మ వెయ్యలేదు. హెర్షెల్ కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత, ఆదివారం రొట్టెల బండి తోలక్కర్లేదు కాబట్టి కారులో అత్తగారింటికి వెళ్లొద్దాం, కథ ఆవిడది, ఆవిడని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు అన్నాడు.

డాయల్ దగ్గర టేపు యంత్రం, వెండెల్ దగ్గర టేపు అరువు తీసుకున్నారు. ఉన్నది ఆ ఒక్క టేపే. నకలు ఇంకా తియ్యలేదు, పారేసుకుంటే నా తల పోతుంది అని వెండెల్ రెండుసార్లు చెప్పాడు. దారి పొడుగునా ఒలీటా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

ఒలీటా తల్లి ఆర్మింటాకి డెబ్బై ఏళ్లు. కొండ సందులో ఒంటరిగా ఉంటుంది. వాళ్లు వెళ్లేసరికి చర్చి నుంచి వచ్చి వంట చేస్తోంది. భోజనాలయ్యాక హెర్షెల్ యంత్రాన్ని వంటింటి బల్ల మీద పెట్టి తీగ తగిలించి, తనకి కొట్టంలో ఏదో పని ఉందని బయటికి వెళ్లిపోయాడు. ఆర్మింటా తొట్టెలో వేడినీళ్లు పోసుకుని గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. పాట మొదటి చరణంలో ఆమె చేతులు ఆడుతూనే ఉన్నాయి. రెండో చరణంలో ఆగిపోయాయి. నీళ్లలో మోచేతుల దాకా పెట్టి అలాగే నిలబడింది. పాట అయిపోయి టేపు ఉత్తినే తిరుగుతున్నా కదల్లేదు.

ఆఖరికి ఆమె అన్న మొదటి మాట, "డబ్బా నువ్వొచ్చి నా చేతిలోంచి లాక్కున్నావు. బడికి పట్టుకెళ్లి తిన్నావు. అది పాటలో లేదేం?"

"ఆయనకి చెప్పలేదమ్మా."

"మంచి పని చేశావు." చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. "బాగా పాడావే పిల్లా. మీ అవ్వ పాడినట్టు పాడావు. ఇది రేడియోలో వేస్తారా?"

వేస్తామంటున్నారని ఒలీటా చెప్పింది. గారేజీ ఆయన సంగతి, మావిస్ సంగతి, డాయల్ సంగతి అన్నీ వరసగా చెప్పింది. తన పేరు వేస్తారన్నది చివర చెప్పింది, అది పెద్ద విషయం కానట్టు. ఆర్మింటా ఆ చివరి మాట దగ్గర కూతురి మొహంలోకి చూసింది.

"నీకు కావాలని ఉంది."

"ఉంది."

"ఉండదూ మరి." ఆర్మింటా బల్ల మీద రొట్టె పొడి చేత్తో ఒకచోటికి చేర్చింది. "నేను చెప్పేది విను. రేడియోలో పాట వస్తుంటే మనిషి పని చేసుకోగలగాలి. కళ్లలో నీళ్లు తిరిగినా గిన్నె కింద పెట్టకుండా ఉండగలగాలి. ఇది విన్నాక నాకు చేతులు రాలేదు. ఈ సందులో మొగుళ్లు పోయినవాళ్లు పదకొండుమంది ఉన్నారు, అందరికీ రేడియోలున్నాయి. పాట వద్దనను. ఎవరో ఒకరు పాడుకోనీ. కాని ఇది పాట కాదు, నా వంటిల్లు. దీంట్లోకి ఊరందరినీ పిలవకు."

ఒలీటా యంత్రం ఆపి టేపు తీసింది. ఆర్మింటా లేచి వెళ్లి మిగిలిన గిన్నెలు కడిగింది. ఒలీటా తుడిచి పెట్టింది. ఆరేడు గంటలు కారులో కూర్చోవాలి కాబట్టి ఆర్మింటా వాళ్లకి ఆపిల్ కేకు కట్టి ఇచ్చింది. హెర్షెల్ సగం దారిలోనే అది పూర్తిచేశాడు. ఏం తేలిందని అడగలేదు.

గురువారం పని ఉదయం పది గంటలకి. పాటలు నాలుగయ్యాక మళ్లీ చివర పావుగంట మిగిలింది. డాయల్ పాట ఇంకోసారి చేద్దామని ఒలీటా అడిగింది. టేపు పెట్టె సంచీలోంచి తీసి గార్లండ్‌కి ఇచ్చింది. ఆయన దాన్ని పక్కన పెట్టి కొత్త టేపు కోసం బీరువా వైపు వెళ్లాడు.

"కొత్తది వద్దు. దాని మీదే ఎక్కించు," అంది ఒలీటా.

"దీని మీద పాట ఉంది, అమ్మాయ్."

"తెలుసు."

గార్లండ్ డాయల్ వైపు చూశాడు. డాయల్ జేబులోంచి పుస్తకం తీశాడు, పెన్సిలు తీశాడు, కాని ఏమీ రాయలేదు. తలుపు దగ్గర వెండెల్ నిలబడి ఉన్నాడు. అతను మాత్రం నోరు విప్పాడు. అలాంటిది మళ్లీ రాదనీ, దాచుకుంటే తప్పేముందనీ, మాడిసన్ ఆయన శనివారం వస్తానన్నాడనీ అన్నాడు. ఒలీటా అతను చెప్పిందంతా విన్నది. "అది ఉన్నంతకాలం నువ్వు ఎవరికో ఒకరికి వినిపిస్తూనే ఉంటావు, వెండెల్. నువ్వు కాకపోతే నేను వినిపిస్తాను," అంది. గార్లండ్ టేపు చుట్టి మొదటికి తెచ్చాడు.

ఈసారి ఆమె గోడ మీద గడియారం చూస్తూ పాడింది. అంతా మావిస్ గొంతే, మెట్టు కిందే. డబ్బాలో సర్దిన వస్తువులని కొట్లో చీటీ చదివినట్టు చదివింది. సాగదీయవలసిన చోటల్లా మాటని దాని పొడవుకే వదిలేసింది. చివరి పాదం ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పే మామూలు మాటలా చెప్పి ఊరుకుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ, తను పాడే ఒక్కొక్క మాట కిందా మొదటిసారి పాడిన మాట చెరిగిపోతోందని ఆమెకి తెలుసు. చిక్కుడు గింజలు పోయాయి. రొట్టె పోయింది. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

"ఒంట్లో బాగాలేదా?" అని స్టీల్ గిటారు ఆయన అడిగాడు.

"బాగానే ఉంది," అంది ఒలీటా.

డాయల్ అప్పుడు రాసి చూపించాడు. ఇప్పుడిది పాట అయింది, అని. మెచ్చుకున్నాడో, మరేమిటో, ఆ అక్షరాల్లో తెలియలేదు.

ఆ తరవాత జరిగింది ఆ ఊళ్లో అందరికీ తెలుసు. వెండెల్ దాన్ని ఇంకో నాలుగు పాటలతో కలిపి మావిస్‌కి వినిపించాడు. ఆమె మొదటి చరణంలోనే గుర్తుపట్టింది, చివరిదాకా విని, దీన్ని నాకోసం ఆపి ఉంచండి అంది. పాట నవంబరులో బయటికి వచ్చింది. డాయల్ దాణా కొట్టుకి వెళ్లలేదు, పోయేదాకా ఇంకో పదకొండేళ్లు పాటలు రాస్తూనే ఉన్నాడు. ఇప్పుడు గొప్ప గాయనీమణుల పట్టికలు వేసేవాళ్లు మావిస్ ట్రివెట్ పేరు పక్కన మొదట రాసేది ఈ పాటే. ఏడిపించకుండా ఏడిపించిందని రాస్తారు.

మావిస్ దాన్ని రికార్డు చేసిన రోజు సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది సెప్టెంబరులో ఒక మంగళవారం, ఉదయం పది గంటలకి. మావిస్ ఒలీటాని రమ్మని కబురు చేసింది. ఒలీటా హోటల్లో సెలవు చెప్పి వెళ్లింది. పెద్ద స్టూడియో, పన్నెండుమంది వాయించేవాళ్లు. మావిస్ అప్పటికే నాలుగుసార్లు పాడి ఉంది. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి, నాలుగింట్లోనూ ఏమీ లేదు. ఆమె అందరినీ కాఫీకి పంపేసి ఒలీటాని పక్కన కూర్చోబెట్టుకుంది. మావిస్ పొట్టి మనిషి. దగ్గరగా చూస్తే కళ్ల కింద నలుపు, గోళ్లకి రంగు చెదిరిపోయి ఉంది. ఇన్నేళ్లుగా ఆమె గొంతు వేసుకుని తిరిగిన ఒలీటా ఆమెని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"రెండో చరణంలో నాకు కాలు ఆనడం లేదు," అంది మావిస్. "మొదటి టేపులో నువ్వు అక్కడ ఏదో చేశావు. అది చాలా రోజులు నా చెవుల్లో ఉండి ఇప్పుడు జారిపోయింది. ఒక్కసారి పాడి చూపించు తల్లీ. మనిద్దరమే ఉన్నాం."

ఒలీటాకి పాడాలనిపించింది. టేపు పోయినా అది గొంతులో అలాగే ఉంది. నోరు తెరిస్తే చాలు, వచ్చేస్తుంది. ఎదురుగా కూర్చున్నది మావిస్ ట్రివెట్. విన్నది విన్నట్టు పట్టుకుంటుంది, పట్టుకుంటే దేశమంతా వింటుంది. ఎవరి గొంతుతో అయితేనేం, అది మిగిలిపోతుంది. ఆర్మింటా వంటిల్లు కూడా మిగిలిపోతుంది, రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ.

"గుర్తులేదు, మిస్ మావిస్," అంది.

మావిస్ ఆమెని పరీక్షగా చూసింది. "అబద్ధాలు బాగానే ఆడతావే."

"పన్నెండేళ్లుగా మీ గొంతుతో ఆడుతున్నాను కదండీ."

మావిస్ పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, ఆ డబ్బా ఎవరిది అని మెల్లగా అడిగింది. మా అమ్మది అని ఒలీటా చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. మావిస్ కూడా అడగలేదు. కాసేపు తన గోళ్లకేసి చూసుకుని, "నార్త్ కరోలినాలో మా అమ్మకి డబ్బా సర్దే పని ఉండేది కాదు," అంది. "మా నాన్న ఇంట్లో తినేవాడే కాదు." తరవాత లేచి వాయించేవాళ్లని పిలవమంది.

ఒలీటా అద్దం వెనక నిలబడి వింది. రెండో చరణానికి వచ్చేసరికి మావిస్ గొంతు కొంచెం గట్టిపడింది. దుఃఖం కాదది, విసుగులాంటిది. ఎప్పుడూ రాని మనిషి కోసం వండి వండి విసిగిపోయిన ఆడది డబ్బా సర్దుతున్నట్టుంది. అలా పాడొచ్చని ఒలీటాకి ఏనాడూ తట్టలేదు. అది ఆర్మింటా కాదు. ఎవరో నార్త్ కరోలినా ఆవిడ, ఒలీటా ఎరగని మనిషి. చివరి పాదం దగ్గర మాత్రం ఆ గట్టిదనం సడలి, అందుకునే చెయ్యి అన్నచోట మావిస్ చిన్న పిల్లలా వినపడింది.

లోపల అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. డాయల్ గబగబా ఏదో రాస్తున్నాడు. ఒలీటా గడియారం చూసింది. పన్నెండున్నర. రెండు గంటలకి పదిహేడో వీధిలో, ఎలాగూ సెలవే కదా అని ఒప్పుకున్న ఇంకెవరిదో నమూనా ఉంది, ఆ గాయని గొంతు ఆమెకి ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. సంచీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి, దారిలో ఆ కొత్త గొంతుని పెదాల మీదే వల్లించుకుంటూ నడిచింది.